కలప కోతలో తగిన సాంకేతికత ఎంపిక: గుంటూరు, ప్రకాశం మైదానాల చారిత్రకానుభవం

వ్యాససంగ్రహం

వర్ధమాన దేశాల్లో కలప కోతకు ఎటువంటి సాంకేతికత తగినదన్న చర్చ 1970వ, 1980వ దశకాల్లో అంతర్జాతీయ స్థాయిలో విస్తృతంగా సాగింది. ఆ చర్చ ప్రధానంగా ప్రభుత్వ అడవులను దృష్టిలో పెట్టుకొన్నది. అదే కాలం నుండి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కలప ఉత్పత్తి అడవి నుండి రైతు పొలానికి తరలింది. పత్తి, మిరప, పొగాకు పండే మైదానాల్లో సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటలు వెలిశాయి. కోత సాంకేతికతను నిర్ణయించే అధికారం అటవీశాఖ చేతి నుండి రైతు, బేరగాడు, కాగితపు మిల్లు, కూలి ముఠాల మధ్య సంబంధాలకు మారింది. ఈ పరిణామాన్ని కొలమానాల మార్పు ఆధారంగా పరిశీలించి, తగిన సాంకేతికత అన్న భావనను పునర్నిర్వచించుకోవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కలప కోత, తగిన సాంకేతికత, సుబాబుల్, జామాయిల్, సరుగుడు, వ్యవసాయ కూలీలు, గుంటూరు, ప్రకాశం.

1. ఉపోద్ఘాతం

చెట్టును నరకడం, కొమ్మలు కొట్టడం, ముక్కలు చేయడం, బెరడు ఒలవడం, దారి దాకా చేర్చడం, బండికి ఎత్తడం అనే పనుల సముదాయమే కలప కోత. ఈ పనులలో ప్రతిదానికీ ఒకటికి మించిన పద్ధతులున్నాయి. గొడ్డలికి బదులు రంపం, రంపానికి బదులు పెట్రోలు రంపం, మనిషి భుజానికి బదులు ఎడ్లబండి, ఎడ్లబండికి బదులు ట్రాక్టరు వాడవచ్చు. ఏ పనికి ఏ పనిముట్టును ఎంచుకోవాలన్నది పైకి సాంకేతిక ప్రశ్నగా కనబడుతుంది. అయితే ఆ ఎంపిక వెంటనే కూలి ఎవరికి దక్కాలి, నష్టం ఎవరు భరించాలి, మోడు నుండి మళ్లీ చిగురించే తోట ఎవరిది అన్న ప్రశ్నలు ముందుకు వస్తాయి.

ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం జిల్లాలంటే 2022 ఏప్రిల్ నాటి పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలని గ్రహించాలి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మారింది. తూర్పున సముద్రతీరపు ఇసుక నేలలు, నడుమ రేగడి నేలలు, పడమట ఎర్రనేలలు, వాటి వెనుక నల్లమల అడవి ఉన్న ఈ భూభాగంలో కలప చరిత్ర పడమటి నుండి తూర్పుకు, అంటే అడవి నుండి మైదానానికి నడిచింది.

2. అడవి నుండి కలప: మోపు, బండి

1882 నాటి మద్రాసు అటవీ చట్టం రాజధాని అంతటా రిజర్వు అడవుల ఏర్పాటుకు పునాది వేసింది. ఆ కాలంలోనే జర్మనీ అటవీ శాస్త్రజ్ఞుడు డీట్రిచ్ బ్రాండిస్ మద్రాసు అటవీ పాలనను పరిశీలించి 1883లో తన సూచనలను ప్రచురించాడు. అంతవరకు నాగలికి, బండి ఇరుసుకు, ఇంటి వాసానికి, పొయ్యిలోకి కావలసిన కర్రను సమీపపు కొండల నుండి తెచ్చుకొన్న గ్రామాలకు ఆ తరువాత అనుమతి చీటీ అవసరమైంది. చీటీలకు రుసుము మోపుకు ఇంత, బండికి ఇంత అని ఉండేది. పశువుల మేతకు తలకు ఇంత చొప్పున పుల్లరి వసూలు చేసేవారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. మోపు, బండి అన్నవి కలపను మోసే సాధనాలు. పాలనాయంత్రాంగం వాటినే కొలమానాలుగా స్వీకరించింది. దానితో సాధనం ఎంపిక హక్కుల ఎంపికగా మారింది. బండి లేని పేదకు మోపు మాత్రమే మిగిలింది. ఎడ్లు, బండి ఉన్న రైతుకు అడవి మరింత చేరువయింది. పల్నాడులో 1921-22లో సాగిన పుల్లరి వ్యతిరేక ఉద్యమం, 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద కన్నెగంటి హనుమంతు ప్రాణత్యాగం ఈ నేపథ్యంలోనివే. ఆ ఉద్యమం ప్రధానంగా మేత రుసుముకు సంబంధించినదే అయినా, అడవి మీద గ్రామానికి ఉన్న హక్కును రుసుముల పట్టికగా మార్చిన విధానాన్నే అది ప్రశ్నించింది.

పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకాల్లో నల్లమలను చీల్చుకొని గుంతకల్లు, బెజవాడల మధ్య మీటరుగేజి రైలుమార్గం ఏర్పడింది. దానివల్ల గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల కలపకు, వెదురుకు దూరపు విపణి దొరికింది. అయినా చెట్టు కొట్టే చోట గొడ్డలి, రంపం, ఎడ్లు తప్ప వేరే సాధనం లేదు. అంటే రవాణాలో ఆవిరియంత్రం ప్రవేశించిన తరువాత కూడా కోత చేతిపనిగానే నిలిచింది. గొలుసులో ఒక కొస యంత్రమై, మరొక కొస చేతిపనిగా మిగలడం ఈ ప్రాంతపు కలప చరిత్రలో పదేపదే కనిపించే లక్షణం.

3. అంతర్జాతీయ చర్చ, దాని పరిమితులు

జాతీయ వ్యవసాయ కమిషన్ 1976 నివేదికలో ఉత్పాదక అటవీ విధానాన్ని సూచించింది. అడవులను పరిశ్రమల ముడిసరుకు కోసం పెంచాలన్న ఆ దృక్పథం వల్ల రాష్ట్రాల్లో అటవీ అభివృద్ధి సంస్థలు ఊపందుకొన్నాయి. ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ 1975లో ఏర్పడింది. ఇదే సమయంలో షూమాకర్ 1973లో ప్రచురించిన గ్రంథం ప్రభావంతో మధ్యస్థ సాంకేతికత అన్న భావన ప్రపంచమంతటా వ్యాపించింది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1982లో అటవీరంగంలో తగిన సాంకేతికత మీద, 1987లో నాటిన అడవుల్లో తగిన కోత పద్ధతుల మీద ప్రత్యేక సంపుటాలు వెలువరించింది.

ఈ చర్చ సారాంశం స్థూలంగా ఇది: కూలి చౌకగా, పెట్టుబడి ఖరీదుగా ఉన్న దేశంలో భారీ యంత్రాలు ఉపాధిని పోగొట్టి, విదేశీ మారకద్రవ్యాన్ని హరిస్తాయి. విడిభాగాలు దొరకక యంత్రాలు మూలనపడతాయి. అలాగని మొద్దుబారిన గొడ్డలితో పని చేయించడమూ తగదు. మంచి ఉక్కుతో చేసిన రంపం, సరిగా పదును పెట్టే నేర్పు, శరీరానికి అనువైన పిడి, శిక్షణ పొందిన పనివాడు ఉంటే చేతిపని ఉత్పాదకతే గణనీయంగా పెరుగుతుంది. ఏటవాలును, చెట్టు లావును, నేల స్వభావాన్ని, కూలి లభ్యతను బట్టి సాధనాన్ని ఎంచుకోవాలి.

ఈ సూత్రాలు నేటికీ విలువైనవే. అయితే వాటి వెనుక మూడు అంతర్లీన భావనలున్నాయి. మొదటిది, అడవికి యజమాని ఒక్కడే, అది ప్రభుత్వం. రెండవది, కోతకు అవసరమైన పెట్టుబడి, శిక్షణ, పర్యవేక్షణ ఆ యజమాని సమకూర్చగలడు. మూడవది, ఆదా అయిన ఖర్చు, పోయిన ఉపాధి ఒకే ఖాతాలో లెక్కకు వస్తాయి. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ మూడూ వర్తించని పరిస్థితి ఏర్పడింది.

4. మైదానానికి తరలిన కలప

ఈ ప్రాంతంలో వాణిజ్య పంటకూ కలపకూ ఉన్న సంబంధం కొత్తది కాదు. 1920వ దశకం నుండి విస్తరించిన వర్జీనియా పొగాకు ఆకును బ్యారన్లలో కాల్చి పదును చేయాలి. దానికి కట్టెలు పెద్దయెత్తున కావలసివచ్చాయి. చీరాల నుండి సింగరాయకొండ వరకు ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు వంటచెరకుగా, ఇళ్ల నిర్మాణానికి వాసాలుగా అమ్ముడయ్యేది. నాగార్జునసాగర్ కాలువల్లో 1967లో నీరు పారిన తరువాత కుడికాలువ కింద పత్తి, మిరప బలపడ్డాయి.

1980వ దశకం మధ్యలో తెల్లదోమ ఉధృతికి పత్తి దెబ్బతిన్నది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టిని ఆకర్షించాయి. పురుగుమందుల ఖర్చు, అప్పు, ధరల అనిశ్చితి భరించలేని వర్షాధార రైతుకు తక్కువ పెట్టుబడితో, తక్కువ పర్యవేక్షణతో నిలిచే పంట అవసరమైంది. ఊరు విడిచి పట్టణం చేరిన భూయజమానికి కూడా అదే అనుకూలం.

సరిగ్గా ఈ సమయంలోనే 1988 నాటి జాతీయ అటవీ విధానం, పరిశ్రమలు తమ ముడిసరుకును రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని పెంచుకోవాలని నిర్దేశించింది. అంతవరకు అడవి వెదురు మీద, ప్రభుత్వపు కలప మీద ఆధారపడిన కాగితపు మిల్లులు పొలాల వైపు చూశాయి. భద్రాచలం సమీపాన సారపాకలోని మిల్లు 1989లో జామాయిల్ క్లోన్ల పరిశోధన మొదలుపెట్టి 1992 నుండి రైతులకు మొక్కలు అందించసాగింది. 1970వ దశకంలో పశువుల మేత చెట్టుగా దేశంలో ప్రచారం పొందిన సుబాబుల్, ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కాగితపు గుజ్జు చెట్టుగా స్థిరపడింది. రాజమహేంద్రవరం, సారపాక మిల్లులు ఒంగోలు నుండి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్నవి. అంత దూరం నుండి కలప రావడం కోత పద్ధతులపై నిర్ణాయక ప్రభావం చూపింది.

5. మూడు చెట్లు, మూడు కోతలు

సరుగుడు మోడు నుండి సరిగా చిగురించదు. అందువల్ల చెట్టును వీలైనంత కిందికి కోయడం, చాలాచోట్ల పలుగు, పారలతో మొదలు తవ్వి వేళ్లతో సహా తీయడం లాభకరం. వేరు కూడా వంటచెరకుగా అమ్ముడవుతుంది, నేల తిరిగి నాటడానికి ఖాళీ అవుతుంది. ఇసుక నేల తవ్వడానికి సులువు. ఇక్కడ గునపం ఆధునికతకు అడ్డు కాదు. ఆ చెట్టుకూ ఆ నేలకూ అది తగిన సాధనమే.

జామాయిల్ మోడు నుండి బలంగా పిలకలు వేస్తుంది. ఒకసారి నాటిన తోట నాలుగైదేళ్లకొకసారి చొప్పున పలుమార్లు కోతకు వస్తుంది. కనుక మొదటి కోతే తరువాతి కోతల దిగుబడిని నిర్ణయిస్తుంది. మోడు నేలకు జానెడు లోపు ఎత్తున, నీరు నిలవకుండా కొంచెం వాలుగా, బెరడు చీలకుండా తెగాలి. మొద్దు గొడ్డలితో కొడితే మోడు చీలి, బెరడు కాండం నుండి విడిపోయి పిలకలు బలహీనపడతాయి. పైగా గొడ్డలి గాటు వెడల్పు వల్ల చెట్టులో లావైన మొదటి భాగం పేళ్లుగా వృథా అవుతుంది. పదునైన రంపం ఈ రెండు నష్టాలనూ తగ్గిస్తుంది. అంటే రంపం లాభం ఈనాటి కూలి ఆదాలో కన్నా నాలుగేళ్ల తరువాతి పంటలో ఎక్కువగా కనిపిస్తుంది.

సుబాబుల్ స్వభావం వేరు. ఒత్తుగా విత్తిన తోటలో కాండాలు సన్నగా, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి. సన్నని కాండానికి పెట్రోలు రంపం వేగం అంతగా ఉపయోగపడదు. ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు నడవడం, కొమ్మలు కొట్టడం, పోగు వేయడమే ఎక్కువ సమయం తీసుకొంటాయి. ఒత్తు తోటలో గొడ్డలి ముఠా నిలదొక్కుకోవడానికి కారణం కూలీల మొండితనం కాదు, పని నిర్మాణమే. వరుసల్లో ఎడంగా నాటిన క్లోన్ తోటలు వచ్చిన కొద్దీ యంత్రానికి అనుకూలత పెరిగింది. కోత సాంకేతికత ఎంపిక నాటిననాడే సగం జరిగిపోతుందని ఈ పోలిక తెలియజేస్తుంది.

6. గంపగుత్త, టన్ను లెక్క

రైతు తోటను అమ్మే పద్ధతులు ముఖ్యంగా రెండు. నిలిచివున్న తోటను చూసి ఒకే మొత్తానికి బేరం కుదుర్చుకొనడం గంపగుత్త. కోసి, కాటా వేసి, టన్నుకు ఇంత అని లెక్కగట్టడం రెండవది. ఈ రెంటిలో కోత ఖర్చు, కోత నష్టం వేర్వేరు వ్యక్తుల మీద పడతాయి.

గంపగుత్తలో కోత బాధ్యత బేరగాడిది. వృథాను తగ్గించడంలో అతనికి ఆసక్తి ఉంటుంది, కాని మోడు ఆరోగ్యంలో ఉండదు. తరువాతి పిలక పంట రైతుది కదా. మోడు ఎత్తు, వాలు, బెరడు గురించి ఒప్పందంలో షరతు లేకపోతే వేగమే ఏకైక ప్రమాణమవుతుంది. టన్ను లెక్కలో బేరగాడు, మిల్లు కోత, రవాణా ఖర్చులను మినహాయించి రైతుకు చెల్లిస్తారు. అప్పుడు మెరుగైన పనిముట్టు వల్ల మిగిలిన సొమ్ము రైతుకు చేరుతుందా, మధ్యలో ఆగుతుందా అన్నది బేరంలోని బలాబలాలను బట్టి తేలుతుంది.

టన్ను అన్న కొలమానం మరొక ఒత్తిడిని తెచ్చింది. అప్పుడే కోసిన కలప బరువులో దాదాపు సగం నీరే. కోసిన నాటి నుండి అది ఆరుతూ బరువు కోల్పోతుంది. ఉదాహరణకు 10 టన్నుల పచ్చికలప లారీ కోసం ఎదురుచూస్తూ నూటికి 10 వంతుల తేమ బరువు కోల్పోతే కాటా మీద 9 టన్నులే తూగుతుంది. కలప నాణ్యతలో ఏ లోపమూ లేకుండానే ఒక టన్ను ధర పోతుంది. అందుచేత కోత, ఒలుపు, ఎత్తుడు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా జరగాలన్న తొందర పుట్టింది. పెట్రోలు రంపం ఈ ప్రాంతంలో వ్యాపించడానికి కూలి రేటు ఒక్కటే కారణం కాదు. లారీ రాకకు సరిపడా సరుకును తక్కువ సమయంలో సిద్ధం చేయవలసిన అవసరం కూడా అంతే బలమైన కారణం. ఒకనాడు మోపు, బండి హక్కులను నిర్ణయించినట్టే నేడు కాటా పని వేగాన్ని నిర్ణయిస్తున్నది.

మార్కెటు చట్టం కింద వ్యవసాయ మార్కెటు కమిటీల ద్వారా సుబాబుల్, జామాయిల్ క్రయవిక్రయాలను క్రమబద్ధం చేయాలన్న ప్రయత్నాలను ఈ వెలుగులోనే అర్థం చేసుకోవాలి. ధర టన్నుకు ఎంత అన్నదానిపైనే చర్చ కేంద్రీకృతమైంది. ఆ టన్నును ఎప్పుడు, ఎక్కడ తూచాలి, కోత మినహాయింపు ఎంత ఉండాలి అన్న ప్రశ్నలకు అంత ప్రాధాన్యం లభించలేదు.

7. నేల, రుతువు

రేగడి నేల వానకు ఉబ్బి జిగురుగా మారుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. తడిలో ట్రాక్టరు ట్రాలీని తోటలోకి దింపితే చక్రాలు కూరుకుపోవడమే కాక నేల గట్టిపడి వేళ్లకు గాలి అందదు. పిలక పంట దెబ్బతినడానికి ఇదొక కారణం. ఎండాకాలంలో నేల గట్టిగా ఉండి బరువును మోస్తుంది. కాని శీతకాలం చివరి నుండి వేసవి వరకు మిరపకాయ కోతకు, పత్తి తీతకు కూడా కూలీలు కావాలి. పొలం పనులకూ తోట కోతకూ మధ్య కూలీల కోసం పోటీ ఏర్పడే రుతువు ఇదే. వానకాలంలో కూలీలు కొంత సులువుగా దొరికే వారాల్లో నేల సహకరించదు. ఈ రెండు పరిమితుల నడుమ మిగిలే రోజులు కొద్దివి.

ఈ స్థితిలో తోట లోపల కలపను మనుషులు, ఎడ్లబండి చేత గట్టు దాకా చేర్చి, అక్కడి నుండి ట్రాక్టరుకు, రోడ్డు దగ్గర లారీకి ఎత్తే మిశ్రమ పద్ధతి హేతుబద్ధమైనది. హిమాలయ రాష్ట్రాల్లో ప్రయత్నించిన తీగమార్గాలు, అండమాన్ అడవుల్లో ఏనుగులు ఆ స్థలాలకు తగినవి. నాలుగైదు ఎకరాల చదును చేనుకు సమస్య ఏటవాలు కాదు. చిన్న కమతం, సన్నని బాట, తడి నేల అసలు సమస్యలు.

8. కూలి ముఠా, కూలి శరీరం

కోత ముఠాలో మగవారు చెట్టు కొట్టడం, ముక్కలు కోయడం, లారీకి ఎత్తడం చేస్తే, ఆడవారు తరచుగా కొమ్మలు ఏరడం, బెరడు ఒలవడం చేస్తారు. మిల్లుకు బెరడు లేని కలప కావాలి. కోసిన వెంటనే బెరడు సులభంగా ఊడుతుంది, ఆరిన కొద్దీ కాండాన్ని అంటుకొంటుంది. అందుచేత ఒలుపు పని రంపం వేగంతో పరుగెత్తవలసివస్తుంది. రంపం యంత్రమై, ఒలుపు చేతిపనిగా మిగిలినప్పుడు భారమంతా ఆడవారి చేతుల మీద పడుతుంది. బెరడు ఒలిచే యంత్రం వచ్చినప్పుడు ఆ భారంతో పాటు ఆ కూలి కూడా పోతుంది. ముంగురులూ, కొమ్మలూ వంటచెరకుగా ఇంటికి తీసుకుపోయే ఆనవాయితీ కూలిలో రాయని భాగం. కొమ్మలతో సహా పొడిచేసి బయోమాస్ విద్యుత్ కేంద్రాలకు పంపే చోట ఆ భాగం కూడా సరుకుగా మారుతుంది.

పెట్రోలు రంపం విషయంలో భద్రత మరొక అంశం. ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 1980లోనే ఉష్ణమండల అడవుల్లో ఈ రంపాల వాడకంపై శిక్షణ గ్రంథం వెలువరించాయి. 1998లో కార్మిక సంస్థ అటవీ పనుల భద్రతకు నియమావళి ప్రచురించింది. శిరస్త్రాణం, చెవులకు, కళ్లకు రక్షణ, కాళ్లకు కోత తగలని దుస్తులు, ఇద్దరు పనివారి మధ్య తగిన దూరం వాటిలోని కనీస నిబంధనలు. ప్రభుత్వ అటవీ డిపోలో ఈ నిబంధనలకు ఒక యజమాని బాధ్యుడు. పొలంలో రైతు బేరగాడిని, బేరగాడు మేస్త్రిని, మేస్త్రి ముఠాను చూపుతారు. మిల్లు కాటా దగ్గర నుండి మాత్రమే లెక్క మొదలుపెడుతుంది. రంపం ఖరీదును ఎవరో ఒకరు భరిస్తారు. రక్షణ సామగ్రి ఖరీదు మాత్రం ఏ ఖాతాలోనూ చేరదు. తగిన సాంకేతికత అన్న భావన ఆచరణలో విఫలమవుతున్నది ఇక్కడే.

9. ముగింపు

గుంటూరు, ప్రకాశం మైదానాల అనుభవం నుండి కింది నిర్ధారణలు చేయవచ్చు.

1. చేతిపనా, యంత్రమా అన్న ద్వంద్వం చారిత్రకంగా నిలవదు. సరుగుడుకు గునపం, జామాయిలుకు పదునైన రంపం, ఒత్తు సుబాబులుకు గొడ్డలి, తడి రేగడికి ఎడ్లబండి, దూరపు మిల్లుకు లారీ తగినవి. తగిన సాంకేతికత ఒక పనిముట్టు కాదు, పనిముట్ల కూర్పు.

2. మోపు, బండి, టన్ను వంటి కొలమానాలు సాంకేతికతను తెర వెనుక నుండి నడిపించాయి. కొలిచే పద్ధతిని సవరించకుండా కోసే పద్ధతిని సంస్కరించడం సాధ్యం కాదు. తోట గట్టు వద్దనే, కోసిన రోజే తూచే ఏర్పాటు అనవసరపు తొందరను తగ్గించగలదు.

3. మోడు ఎత్తు, కోత తీరు గంపగుత్త ఒప్పందంలో షరతులుగా ఉంటే తరువాతి పంట రక్షణ పొందుతుంది. ఖర్చు లేకుండా సాధించగల మెరుగుదల ఇది.

4. 1988 అటవీ విధానం కలప ఉత్పత్తిని పొలానికి తరలించింది, కాని కలప కోతకు సంబంధించిన శిక్షణ, భద్రత బాధ్యతలు దానితో పాటు తరలలేదు. అడవికి ఒక యజమాని ఉన్న కాలంలో రూపొందిన సూత్రాలను అనేకమంది యజమానులున్న పొలానికి అన్వయించాలంటే ముందుగా ఆ బాధ్యత ఎవరిదో తేల్చాలి. సరుకు ధరలో భద్రత ఖర్చును స్పష్టమైన అంశంగా చేర్చడం అందుకు మొదటి మెట్టు.

వందేళ్ల కిందట పల్నాడు రైతు అడిగిన ప్రశ్న అడవి ఎవరిదన్నది. ఇప్పుడు చెట్టు రైతు పొలంలోనే ఉన్నది, హక్కు పత్రం అతని పేరుననే ఉన్నది. అయినా ఆ చెట్టును ఎప్పుడు, ఎవరు, దేనితో కోయాలన్న నిర్ణయంలో అతని మాటకూ, గొడ్డలి పట్టిన కూలి మాటకూ దక్కిన స్థానం స్వల్పం. ఆ స్థానాన్ని పెంచే సాంకేతికతే ఈ నేలకు తగిన సాంకేతికత.